ఉప్పు పద్దు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఆహారం, ఆరోగ్యం, ఆయుష్షు" అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను డాక్టర్ని కాను. ముప్ఫై నాలుగేళ్లు ట్రెజరీలో బిల్లులు పాసుచేసిన వాణ్ణి. ఆ మాటే అంటే, "డాక్టర్లు చెబితే మనవాళ్లు వినరండీ, మీరైతే లెక్క కట్టి చెబుతారు" అన్నారు. అంత పెద్ద విషయం అరగంటలో చెప్పడం నావల్ల కాదు కనుక, అందులోంచి ఒక్క పద్దు మాత్రం తీసుకుంటాను. అది ఉప్పు.

మనలో ఎవరికైనా పౌరుషం చచ్చిందని ఎత్తిపొడవాలంటే "ఉప్పూ కారం తినడం లేదా?" అని అడుగుతాం. ఉప్పు తగ్గించమని చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను కాబట్టి, ఆ మాట ఎవరన్నా ఈ పూటకి పడతాను.

ముందుగా ఒక సంగతి. నా పక్క సీటులో ఇరవై రెండేళ్లు కూర్చున్న మిత్రుడొకాయన ఉన్నారు. పేరు చెప్పను, మీలో చాలామందికి తెలుసు. ఆయన అనుమతి తీసుకునే ఈ మాట చెబుతున్నాను. దస్తూరీ ముత్యాలకోవలా ఉండేది. ఆయన సంతకం ఉన్న బిల్లును బ్యాంకువాళ్లు రెండోసారి చూసేవారు కాదు. రిటైరైన మూడో ఏడు ఒక తెల్లవారుజామున పళ్లు తోముకుంటూ కుడిపక్కకి ఒరిగిపోయారు. పక్షవాతం. ప్రాణం దక్కింది, మాట చాలావరకు తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఆ ఏడు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి కొడుకు ఆయన్ని ఆటోలో తీసుకొచ్చాడు. నేనూ అదే పనిమీద వెళ్లి అక్కడే ఉన్నాను. లక్షల రూపాయల బిల్లుల మీద సంతకాలు పెట్టిన మనిషి, తాను బతికి ఉన్నానని చెప్పుకునే కాగితం మీద ఎడమచేతి బొటనవేలి ముద్ర వేశారు. వేసి, నా వంక చూడకుండా వెళ్లిపోయారు.

ఆయనకి అప్పటికి పన్నెండేళ్లుగా బీపీ ఉంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. "తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇంకెక్కడి బీపీ అయ్యా" అనేవారు. మాత్ర ఒక నెల వేసుకుని రెండు నెలలు మానేసేవారు. సిగరెట్టు ఉండేది. మధ్యాహ్నం క్యారియరు విప్పితే ఒక గిన్నెలో ఎప్పుడూ ఊరగాయే. ఆవకాయ వల్లనే పక్షవాతం వచ్చిందని నేననను, అలా ఒక్కదాని మీదకి నెట్టడం న్యాయం కూడా కాదు. కాని ఆ క్యారియరు ఎదురుగా కూర్చుని అదే ఊరగాయ ఇరవై రెండేళ్లు నేనూ పంచుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి పోకుండా తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లాను. 168/98 అన్నారు.

డాక్టరుగారు మాత్రలు రాసి, చీటీ చేతికిస్తూ "ఉప్పు తగ్గించండి" అన్నారు. అంతే. ఎంత ఉన్నదాన్ని ఎంతకి తగ్గించాలి? ప్రారంభ నిల్వ ఎంత, ముగింపు నిల్వ ఎంత? ట్రెజరీవాడికి ఆ ప్రశ్న రాక తప్పదు. బయట ఇంకో ఇరవైమంది కూర్చుని ఉన్నారు కనుక అడగలేకపోయాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే, "నా చేతి వంటలో ఏనాడైనా ఉప్పెక్కువైందా?" అంది. నిజమే, ఎక్కువ కాలేదు. నలభై ఏళ్లలో ఒక్కనాడు కంచం ముందు ఆ మాట అన్నవాణ్ణి కాను. చిక్కంతా అక్కడే ఉంది. నాలుకకి సరిపోయిన ఉప్పు వేరు, ఒంటికి సరిపోయిన ఉప్పు వేరు. నాలుకది అలవాటు. దాని లెక్క నమ్మి ఒంటి లెక్క రాయకూడదు.

ఒంటి లెక్క ఏమిటంటే, పెద్దవాళ్లు రోజుకి 5 గ్రాములకి లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లోనూ అదే పరిమితి ఉంది. అయిదు గ్రాములంటే తలగొట్టిన టీచెంచాడు. కూరలో వేసేది ఒక్కటే కాదు. పొద్దుటి ఉప్మా, చట్నీ, మధ్యాహ్నం పప్పు, చారు, ఊరగాయ, అప్పడం, సాయంత్రం టీలోకి బిస్కెట్టు, రాత్రి మజ్జిగ, అన్నీ ఆ చెంచాలోనే ఇమడాలి.

మరి మనం తినేదెంత? దీనికి నేనొక చిన్న పద్ధతి పెట్టుకున్నాను. కిలో ఉప్పు ప్యాకెట్టు విప్పిననాడు దానిమీద బాల్‌పెన్నుతో తేదీ వేశాను. ఇంట్లో మేమిద్దరమే. ప్యాకెట్టు ముప్ఫై నాలుగో రోజుకి ఖాళీ అయింది. వెయ్యి గ్రాములు, ముప్ఫై నాలుగు రోజులు, రెండు తలలు. మనిషికి రోజుకి 14 గ్రాముల పైమాటే. మా ఆవిడ అభ్యంతరం చెప్పింది. వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో వేసినది, సింకు తోమినది, మధ్యలో అమ్మాయి పిల్లలతో వచ్చి నాలుగు రోజులు ఉన్నది తీసెయ్యాలంది. ఆడిట్ అభ్యంతరం న్యాయమైనదే. మూడు గ్రాములు తీసేశాం. మిగిలింది 11 గ్రాములు.

అప్పుడు నేనొక ఎదురు అభ్యంతరం లేవదీశాను. ఊరగాయలోకి వేసిన ఉప్పు ఈ ప్యాకెట్టులోది కాదు. అది వేసవిలో విడిగా కొన్న కల్లుప్పు. అది పద్దులోకి రాలేదు. మా ఇంట్లో రెండు కిలోల మామిడి ముక్కలకి అరకిలో ఆవపిండి, అరకిలో కారం, కిలో నూనె, నాలుగువందల గ్రాముల ఉప్పు పడుతుంది. మొత్తం మీద నూటికి తొమ్మిది పాళ్లు ఉప్పన్నమాట. ముక్క, గుజ్జు కలిపి పూటకి ఇరవై గ్రాములు వేసుకుంటే, రెండు పూటలకి ఉప్పు మూడున్నర గ్రాములు దాటుతుంది. రోజు మొత్తానికి మంజూరైన బడ్జెట్టులో ముప్పాతిక వంతు ఒక్క ఆవకాయే తినేసింది. కూరకి, పప్పుకి, చారుకి, టిఫినుకి మిగిలింది గ్రామున్నర! రెండూ కలిపితే నా ఖాతాలో రోజుకి 14, 15 గ్రాములు తేలాయి. మంజూరుకి మూడింతల ఖర్చు. ఇలాంటి బిల్లు మీరు పంపితే నేను పాసుచేసి ఉండేవాణ్ణా?

మన పెద్దవాళ్లు తెలివితక్కువవాళ్లని నేను చెప్పడం లేదు. కాయలు కాసేది రెండు నెలలు, తినవలసింది పన్నెండు నెలలు. ఉప్పు, నూనె, ఆవ కలిస్తే ముక్క ఏడాది నిలుస్తుంది. పైగా ఆ తిండి తిన్నవాడు ఎర్రటి ఎండలో దుక్కి దున్ని, ఒంట్లో ఉప్పంతా చెమటగా కార్చి ఇంటికొచ్చేవాడు. అదే తిండి తిని మనం ఫ్యాను కింద పేపరు చదువుతున్నాం. ఖర్చు తగ్గినా జమ తగ్గించలేదు.

ఉప్పు ఎక్కువైతే ఒంట్లో ఏం జరుగుతుందో నాకర్థమైనంత వరకు చెబుతాను. ఉప్పు ఎక్కడుంటే నీరు అక్కడ నిలుస్తుంది. మూత్రపిండాలు అదనపు ఉప్పును బయటికి పంపేస్తాయి గాని, వయసు పెరిగినకొద్దీ వాటి ఓపిక తగ్గుతుంది. రక్తనాళాలు మెత్తని రబ్బరు గొట్టాల్లా ఉండేవి కాస్తా గట్టిపడతాయి. అందువల్ల ముప్ఫై ఏళ్ల వయసులో తిని అరిగించుకున్న ఉప్పే అరవై అయిదులో బీపీని ఎక్కువగా పెంచుతుంది. ఆ ఒత్తిడి ఏళ్ల తరబడి మెదడు మీద, గుండె మీద, మూత్రపిండాల మీద పడుతుంది. నొప్పి ఉండదు కనుక మనకి తెలియదు. ఇంకో చిత్రం, వయసుతోపాటు నాలుక కూడా మొద్దుబారుతుంది. చప్పగా ఉందని ఇంకాస్త వేసుకుంటాం. తగ్గించవలసిన వయసులోనే పెంచుతాం.

"వయసొచ్చింది కదండీ, బీపీ రాకుండా ఉంటుందా" అని మనలో చాలామంది సమాధానపడతారు. 1988లో ఇంటర్‌సాల్ట్ అనే పెద్ద పరిశీలన ఫలితాలు వచ్చాయి. 32 దేశాల్లో 52 చోట్ల, పదివేలమందికి పైగా మనుషుల బీపీ చూసి, ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి అందులో ఉప్పు కొలిచారు. బ్రెజిల్ అడవుల్లో యానొమామి అనే జనం ఉన్నారు, వాళ్ల తిండిలో ఉప్పు లేనట్టే లెక్క. వాళ్లకి వయసు పెరిగినా బీపీ పెరగలేదు. వాళ్లు సన్నగా ఉంటారు, అడవంతా తిరుగుతారు కనుక ఘనతంతా ఉప్పు లేకపోవడానికే ఇవ్వనక్కర్లేదు. అయినా వయసుకీ బీపీకీ వేసిన ముడి బ్రహ్మముడి కాదని మాత్రం తేలింది.

అడవి మనుషుల సంగతి మనకెందుకంటారా? ఊరగాయలు తినేవాళ్ల సంగతే చెబుతాను. జపానులో నాగానో అనే కొండ ప్రాంతం ఉంది. చలికాలమంతా మంచు, కూరగాయలు పండవు. అందుకని నొజావానా అనే ఆకుకూరను ఉప్పులో ఊరబెట్టుకుని శీతాకాలమంతా తినడం వాళ్ల అలవాటు. పూటపూటా మిసో చారు. మిసో అంటే సోయాగింజల్ని ఉప్పేసి పులియబెట్టిన ముద్ద. 1960ల్లో పక్షవాతం మరణాలు జపాను మొత్తంలో బాగా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో అదొకటి. అప్పుడు డాక్టర్లు, ఆరోగ్య కార్యకర్తలు కలిసి ఊళ్లలోని గృహిణులకే వంతులవారీగా శిక్షణ ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి చారులో ఉప్పు ఎంతుందో పరికరం పెట్టి కొలిచారు. చారులో కూరముక్కలు ఎక్కువ వేసుకోమన్నారు, ఊరగాయ కొద్దిగా వడ్డించుకోమన్నారు. దశాబ్దాలు పట్టింది. 2010 లెక్కల నాటికి జపాను ప్రిఫెక్చర్లన్నిటిలోనూ ఆడవాళ్ల ఆయుర్దాయంలోనూ, మగవాళ్ల ఆయుర్దాయంలోనూ నాగానోదే మొదటి స్థానం. వాళ్లు కాయగూరలు బాగా తింటారు, ముసలితనంలోనూ పొలం పని మానరు. అదీ కలిసొచ్చింది. ఊరగాయను ఊళ్లోంచి వెళ్లగొట్టలేదు, దాన్ని తన స్థానంలో కూర్చోబెట్టారు. నాకు నచ్చిందదే.

ఇక మా ఇంటి విషయానికొస్తాను. మా ఆవిడకి గాంధీగారి కథ చెప్పాను. దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు కస్తూరిబా జబ్బుపడితే, ఉప్పూ పప్పూ మానమని గాంధీగారు బతిమాలారు. "మీకు చెబితే మీరు మాత్రం మానగలరా?" అని ఆవిడ అన్నారు. ఆ మాటతో ఆయన అక్కడికక్కడే ఏడాదిపాటు రెండూ వదిలేశారు. ఆవిడ ఏడ్చి, మానుకోమని వేడుకున్నా వినలేదు. ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ఆ మనిషే 1930లో ఉప్పు కోసం దండికి నడిచారు. మన ప్రకాశం పంతులుగారు ఒంగోలు దగ్గర దేవరంపాడులో ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు. బీదవాడికి ఉప్పు అందుబాటులో ఉండాలన్నది ఒక సంగతి, తన కంచంలో ఎంత ఉండాలన్నది ఇంకో సంగతి. ఇదంతా విని మా ఆవిడ, "ఆ మహానుభావుడింట్లో ఆవకాయ జాడీ ఉందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అయినా పని మొదలుపెట్టింది ఆవిడే. ముందు ఉప్పుడబ్బాలో ఉండే పెద్ద చెంచా తీసేసి చిన్న చెంచా వేసింది. చెంచాల లెక్క మార్చలేదు, చెంచా మారింది. నాకు చెప్పలేదు. మూడు వారాలు నేను గమనించనే లేదు! తర్వాత బల్ల మీద ఉప్పుగిన్నె లోపలికి వెళ్లిపోయింది. మజ్జిగలో ఉప్పు మానాం. ఆ స్థానంలో కొత్తిమీర, అల్లం, నిమ్మాకు. వేపుడులో చివర నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఉప్పు తగ్గినట్టు తెలియదు. ధనియాలు, జీలకర్ర వేయించి కొట్టిన పొడి ఉప్పు లేకుండానే చేసింది. చారులో మిరియం ఎక్కువ, ఉప్పు తక్కువ. అప్పడాల్లో ఉప్పుతోపాటు సోడా కూడా ఉంటుంది, అందులోనిదీ సోడియమే. కనుక అవి పండగనాటికి పరిమితమయ్యాయి. ఊరమిరపకాయల గురించి ఇప్పటికీ మా ఇంట్లో చర్చ నడుస్తోంది.

ఆవకాయ మానలేదు. అబద్ధం చెప్పను. వారానికి మూడు రోజులు, ఒక్క పూట, చిన్న ముక్క. మొదటి నెల కూర చప్పగా అనిపించి విసుక్కున్న మాట నిజం. రెండు మూడు నెలలకి నాలుకే దారికొచ్చింది. ఇప్పుడు పెళ్లిభోజనంలో కూర నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయంలా ఉంటోంది. పక్కవాళ్లు మాత్రం బాగుందంటున్నారు.

ప్యాకెట్టు ముప్ఫై నాలుగు రోజుల నుంచి యాభై రెండుకి, తర్వాత డెబ్భైకి వచ్చింది. మనిషికి 7 గ్రాములు. లెక్కప్రకారం ఇద్దరికి కిలో ఉప్పు వంద రోజులు రావాలి, ఇంకా బాకీ ఉన్నాను. బీపీ మాత్రలతో కలిపి 138/84 దగ్గర నిలబడింది. మాత్ర నేను మానలేదు, ఉప్పు తగ్గిందని మీరూ మానకండి. అది డాక్టరు తేల్చవలసిన పద్దు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. దాచుకుంటే ఈ ప్రసంగానికి అర్థం ఉండదు. రెండో వేసవిలో నాకు ఉత్సాహం ఎక్కువైంది. వంద రోజులేమిటి, అసలు ఉప్పే మానేద్దామనుకున్నాను. నా కూర విడిగా, పూర్తిగా చప్పగా వండించుకున్నాను. నేను వేసుకునే మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది ఒకటి ఉంది. మే నెల ఎండలకి మంచినీళ్లు కుండలకి కుండలు తాగుతున్నాను. పదిహేను రోజులకి నీరసం, వికారం మొదలయ్యాయి. ఒకరోజు మా అబ్బాయిని పట్టుకుని మా తమ్ముడి పేరుతో పిలిచాను. ఎక్కడున్నానో తెలియలేదు. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే సోడియం 121 ఉంది. 135కి తగ్గకూడదట. మూడు రోజులు ఉంచుకుని నెమ్మదిగా సరిచేశారు, ఆ మాత్ర మార్చారు. డాక్టరుగారు కోప్పడలేదు. "తగ్గించమన్నాను గాని, సున్నా చుట్టమన్నానా?" అన్నారు. మా ఆవిడ మాత్రం కోప్పడింది.

కాబట్టి అలాంటి మాత్రలు వేసుకునేవాళ్లు, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఎంత తగ్గించాలో తమ డాక్టరునే అడగండి. సోడియం, పొటాషియం రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో కూడా అడగండి. మొహమాటపడకండి, బయట ఇరవైమంది ఉన్నా సరే.

ఉప్పుల్లో రకాల గురించి చాలామంది అడుగుతున్నారు. సైంధవ లవణం, గులాబీరంగు ఉప్పు, కల్లుప్పు, అన్నిటిలోనూ ప్రధానంగా ఉండేది అదే సోడియం క్లోరైడు. రంగు మారినంత మాత్రాన పద్దు మారదు. పైగా ప్యాకెట్టు ఉప్పులో కలిపే అయోడిను వాటిలో సాధారణంగా ఉండదు. ఇక సోడియం తక్కువగా ఉండే ఉప్పులని బజారులో దొరుకుతున్నాయి. అందులో కొంత భాగం పొటాషియం క్లోరైడు. దీని మీద చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేలమందితో అయిదేళ్లు పరీక్ష జరిపి 2021లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లంతా మనవంటి వాళ్లే. ఇదివరకు పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు. సగం పల్లెలకి ముప్పాతిక మామూలు ఉప్పు, పాతిక పొటాషియం ఉప్పు కలిపినది ఇచ్చారు. మామూలు ఉప్పు తిన్న పల్లెల్లో వందమందికి పక్షవాతం వస్తే, అదే లెక్కన ఈ పల్లెల్లో 86 మందికి వచ్చింది. మరణాలు కూడా తగ్గాయి. వండే పద్ధతి మార్చలేదు, డబ్బాలో ఉప్పు మార్చారు, అంతే. అయితే మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకి పొటాషియం ప్రమాదం. కొన్ని రకాల బీపీ మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. అందుచేత డాక్టరుని అడగకుండా ఆ ప్యాకెట్టు కొనవద్దు.

కడుపుబ్బరానికి నీళ్లలో వేస్తే బుస్సున పొంగే పొడి, నీళ్లలో కరిగే తలనొప్పి బిళ్లలు, వీటిలోనూ సోడియం బాగా ఉంటుంది. రోజూ వాడేవాళ్లుంటే ఒకసారి ఆలోచించండి.

నా మిత్రుడి మాట చెప్పి ముగిస్తాను. ఆయన ఎడమచేత్తో సంతకం నేర్చుకున్నారు. ఏడాదిన్నర పట్టింది. మొన్నటి లైఫ్ సర్టిఫికెట్ మీద వేలిముద్ర వేయలేదు, సంతకం పెట్టారు. వంకరగా ఉంది గాని సంతకమే. మాత్రలు వేళకి వేసుకుంటున్నారు. ఉప్పు ప్యాకెట్టు మీద తేదీ కూడా ఆ చేత్తోనే వేస్తున్నారు. వాళ్లింట్లోనూ ఇద్దరే. వాళ్ల ప్యాకెట్టు మా ప్యాకెట్టు కన్నా నాలుగు రోజులు ఎక్కువొస్తోందని ఫోను చేసి మరీ చెప్పారు. ఈ ఒక్క విషయంలో ఆయన లెక్క నేను ఇంకా ఆడిట్ చెయ్యలేదు.

మీరు ఇంటికి వెళ్లాక ఇప్పుడు వాడుతున్న ప్యాకెట్టు అయిపోనివ్వండి. కొత్తది విప్పిననాడు దానిమీద తేదీ వెయ్యండి. ఇద్దరున్న ఇంట్లో వంద రోజులు, నలుగురున్న ఇంట్లో యాభై, అయిదుగురుంటే నలభై రోజులు రావాలి. ఊరగాయ పద్దు విడిగా రాయండి. వంటచేసే వాళ్లని మాత్రం నిందించకండి. ఇన్నేళ్లూ వాళ్లు వేసింది మన నాలుక అడిగినంతే. ఖాళీ ప్యాకెట్లు పారెయ్యకుండా వచ్చే సమావేశానికి పట్టుకురండి, వెనక వరుసలో బల్ల వేసుకుని నేనే కూర్చుని లెక్కలు చూస్తాను.